నాన్నది వీల్‌చెయిర్, బాబుకి చప్పుళ్ళు పడవు... ఒంగోలు ఆవుల్ని చూడ్డానికి ఎట్టా పోవాల?

ప్రశ్న: మాది కావలి. మా నాన్నకి డెబ్భై దాటినాయి, రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినాయి, ఇప్పుడు వీల్‌చెయిర్‌లోనే. ఒకప్పుడు కందుకూరు దగ్గర మా ఊళ్ళో ఒంగోలు కోడెల్ని మేపి బాగా పేరు తెచ్చుకున్న మనిషి. మా బాబుకి ఎనిమిదేళ్ళు, ఆటిజం ఉంది, పెద్ద చప్పుడు వస్తే చెవులు మూసుకుని ఉన్నచోటే కూర్చుండిపోతాడు, కానీ జంతువులంటే ప్రాణం. మా చెల్లెలికి ఐదో నెల. అందరం కలిసి ఒక రోజు పశువుల ఫారం అంతా తిరిగి చూసి, అట్నే కొత్తపట్నం బీచ్‌కి కూడా పోయి రావాలని నా కోరిక. మా అన్న మాత్రం ఆ పేడలో కుర్చీ ఎవరు తోస్తారు, టీవీలో యూట్యూబ్ పెడితే సరిపోదా అంటాడు. నాన్నని అడిగితే "నాకెందుకమ్మా" అంటాడు. పోవచ్చా? పోతే ఎక్కడికి, ఎట్టా?

సమాధానం:

పోండమ్మా, తప్పకుండా పోండి. కాకపోతే ఫారం అంతా తిరగడం, బీచ్, అన్నీ ఒక్క రోజులో అనే ఆలోచన మాత్రం పక్కన పెట్టేయండి. ఒక్క చోటు, మహా అయితే రెండు గంటలు. నీడలో గట్టి నేల చూసి నాన్న కుర్చీ ఆపుకుంటే పశువే ఆయన దగ్గరికి రావాల, ఆయన్ని తోసుకుంటా కొట్టం కొట్టానికీ తిరగడం కాదు. పది షెడ్లు దూరం నుంచి చూసొచ్చే దానికన్నా ఒక్క ఆవు మోర మీద చెయ్యేసి పావుగంట ఉండేదే ఆయనకి మిగులుతుంది, మీ బాబుకి కూడా అంతే.

ముందు నాన్న మాట. "నాకెందుకమ్మా" అంటే వద్దని కాదు. ఆ వయసు మగాళ్ళు, అందులో సేద్యం చేసి దర్జాగా బతికినోళ్ళు, కూతురి దగ్గర బాత్రూం సంగతి ఎత్తలేరు, నలుగురు పట్టి ఎత్తి దించతా ఉంటే తెలిసినోళ్ళు ఎవరన్నా చూస్తారేమోనని కూడా ఉంటది, అవన్నీ కలిపి ఒక్క మాటలో నాకెందుకులే అనేస్తారు. అందుకని వస్తావా అని అడగబాకండి. "నాన్నా, అక్కడ కోడెలున్నాయంట, ఏది మంచిదో ఏది కాదో మాకెవరికీ తెలవదు, పిల్లోడికి నువ్వే చెప్పాల" అనండి. ఇది బుజ్జగింపు అనుకోబాకండి, నిజం కూడా అదే కదా. మీ ఇంట్లో ఇంకెవరికి తెలుసు చెప్పండి, మోపురం నిటారుగా ఉండాలని, గంగడోలు గడ్డం కింద నుంచి మడతలు మడతలుగా బొడ్డు దాకా జారాలని, కొమ్ములు పొట్టిగా మొదట్లో లావుగా ఉండాలని, కంటి రెప్పల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు, తోక కుచ్చు నలుపు, గిత్తకైతే తల మీదా మెడ మీదా మోపురం మీదా బూడిద రంగు తిరగాలని. సుడులు ఎక్కడున్నాయో చూసి యజమానికి కలిసొస్తదా రాదా అని చెప్పే లెక్కలు కూడా ఆయన దగ్గర ఉండే ఉంటాయి, వాటిని నేను పెద్దగా నమ్మను గానీ వినడానికి మాత్రం మహా బాగుంటాయి.

పళ్ళ సంగతి కూడా ఆయన్నే అడగండి. పశువుకి పై దవడలో ముందు పళ్ళే ఉండవు, ఆ మాట చెప్తే మీ బాబు ఖచ్చితంగా తొంగి చూస్తాడు. కింద దవడలో పుట్టుకతో వచ్చేవి పాలపళ్ళు, రెండేళ్ళు దాటినాక నడిమి రెండూ ఊడి పెద్ద పళ్ళొస్తే అది రెండు పళ్ళ కోడె, మూడేళ్ళు అటూ ఇటుగా నాలుగు పళ్ళు, ఆ పైన ఆరు, ఐదేళ్ళ వయసుకి నోరు నిండిపోతది. బండలాగుడు పోటీల్లో మైకులో చెప్పే పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అనే విభాగాలన్నీ ఈ లెక్కే. కాలూ చెయ్యీ పడిపోయినా ఈ లెక్క ఎక్కడికీ పోదు, కాకపోతే మాట తడబడతా ఉంటే మాత్రం ఆయన వాక్యం పూర్తి చేసేదాకా ఆగండి, మధ్యలో మీరు అందుకోబాకండి.

ఇక మీ అన్న. పేడలో కుర్చీ ఎవరు తోస్తారని ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు, అది అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం యూట్యూబ్ కాదు, ఆయనే. ముందు ఒక ఆదివారం ఆయన్ని ఒక్కణ్ణే బండి మీద పంపించండి, చేతికి ఒక టేపు ఇచ్చి. ఇంట్లో నాన్న కుర్చీ వెడల్పు కొలవండి, పక్కన మోచేతులకి కూడా కాస్త జాగా కలుపుకోండి, గేటుగానీ తలుపుగానీ మూడడుగులు తీరిగ్గా ఉంటే ఇబ్బంది ఉండదు. మెట్టు ఉంటే ఎత్తు కొలవాల. ర్యాంపుకి లెక్క ఏంటంటే ఎంత ఎత్తో దానికి పన్నెండు రెట్లు పొడవు, అంటే ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల చెక్క కావాల. అంతకన్నా నిట్టనిలువుగా ఉంటే తోసేవాడి నడుం పోతది, కూర్చున్నాయనకి గుండె జారతది. దించేటప్పుడు ఎప్పుడూ కుర్చీని వెనక్కి తిప్పి దించాల, ముందుకి దించితే మనిషి ముందుకి తూలతాడు. కారు ఎంత దగ్గరిదాకా పోతదో, నీడ ఏ వేళకి ఏ పక్క ఉంటదో, బాత్రూం తలుపు ఎంత, ఇవన్నీ ఆయన కళ్ళతో చూసొస్తే ఆ తర్వాత ఆయనే అందరికన్నా ముందు బయల్దేరతాడు, పని చేతికిచ్చినాక వంకలు తగ్గుతాయి.

ఎక్కడికి అంటారా. మీకు దగ్గర్లో పెద్దది కొండాపురం మండలం చింతలదేవిలో ఉన్న జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటర్, దేశవాళీ ఆవుల్ని, గేదెల్ని జాతుల వారీగా కాపాడి పెంచడానికి కేంద్రం పెట్టింది. ఇంకొకటి ఒంగోలు అవతల నాగులుప్పలపాడు మండలం చదలవాడ పశుక్షేత్రం, అది ప్రత్యేకంగా మన ఒంగోలు జాతి కోసం. రెండూ మంచివే, కానీ ఇవి జూలు కావు, టికెట్టు కొని లోపలికి పోయే పని కాదు. అక్కడ ఇన్‌చార్జి ఉండే పశువైద్యాధికారి పర్మిషన్ ఇవ్వాల, బయటోళ్ళ కాళ్ళతో రోగాలు వస్తాయని ఇవ్వకపోయినా వాళ్ళని తప్పు పట్టలేం. షెడ్డుకీ షెడ్డుకీ దూరాలు ఎక్కువ, గేటు కాడ కాళ్ళు ముంచే మందునీళ్ళ తొట్టి ఉంటే కుర్చీ చక్రాలు కూడా అందులోంచే దొర్లాల. మీ ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారిని కలిసి సంగతి అంతా చెప్పండి, ఆయన చేత ఒక ఫోన్ చేయిస్తే మీరు నేరుగా పోయి గేటు కాడ నిలబడే దానికన్నా వెయ్యి రెట్లు నయం.

నన్నడిగితే మీలాంటి కుటుంబానికి ప్రభుత్వ ఫారం కన్నా ఒక రైతు ఇల్లే మేలు. ఒంగోలు జత, నాలుగు ఆవులు, రెండు దూడలు ఉన్న ఇల్లు. మీ నాన్నకి పాత పరిచయాలు ఉంటాయి, లేదంటే రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడు ఉంటాడు, ఏ ఇంట్లో మంచి పశువులున్నాయో ఆయనకి తెలీకుండా ఉండదు. ఊళ్ళో సిమెంటు రోడ్డు ఇంటి గుమ్మం దాకా ఉంటది, కొట్టం పక్కనే వేపచెట్టో కానుగ చెట్టో ఉంటది, ఆడవాళ్ళుంటారు కాబట్టి మీ చెల్లెలికి బాత్రూంకి ఇబ్బంది ఉండదు, అన్నిటికన్నా ముఖ్యం పశువుని ప్రేమగా పెంచినోడికి దాన్ని చూపించడమంటే మహా ఇష్టం, పలుపు విప్పి మీ నాన్న కాడికి నడిపించుకుని వస్తాడు. ట్రాక్టర్లు వచ్చినాక ఊళ్ళల్లో ఈ జతలు బాగా తగ్గిపోయినాయి, మిగిల్చుకున్నోళ్ళు లాభం కోసం మిగిల్చుకున్నోళ్ళు కాదు. పోతా పోతా చేతిలో డబ్బులు పెడితే నొచ్చుకుంటారు, ఒక తవుడు బస్తానో పత్తి చెక్కో తీసుకుపోండి. దాన్ని యజమాని చేతికే ఇవ్వండి, మీరు తీసి పెట్టబాకండి. ప్రేమ కొద్దీ అన్నం, పొంగలి, అరటిపళ్ళ గెల, లడ్డూలు గుమ్మరించేస్తారు కొందరు, ఒక్కసారిగా అంత పిండి పదార్థం కడుపులో పడితే పులిసిపోయి పశువు ప్రాణం మీదకి వస్తది. బాబు చేత గుప్పెడు పచ్చగడ్డి పెట్టించండి చాలు.

ఏ నెల అనేది మన జిల్లాల్లో చాలా ముఖ్యం. మనకి వానలు ఎక్కువ ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ మూడు నెలలూ తుఫాను ఎప్పుడొస్తదో తెలీదు, ఒంగోలు వైపు నల్లరేగడి ఒకసారి తడిసిందంటే చక్రానికి అంటుకుని కుర్చీ బరువు రెట్టింపు చేస్తది. మార్చి దాటితే ఎండ, పక్షవాతం వచ్చి బీపీ మాత్రలు వేసుకునే మనిషిని ఎండలో పెట్టే పనే వద్దు. అందుకని సంక్రాంతి పోయినాక శివరాత్రి లోపల పెట్టుకోండి. పొద్దున పాలు తీయడం, కడగడం అయిపోయి మేత వేసే టైం ఏదో ఫోన్ చేసి కనుక్కోండి, కొన్ని చోట్ల ఆ తర్వాత బీడుకి తోలేస్తారు, మీరు తీరిగ్గా పదింటికి పోతే ఖాళీ కొట్టం చూసి రావాల. ఎనిమిదిన్నరకి అక్కడుండి పదిన్నరకి తిరుగుముఖం పట్టేలా చూసుకోండి. సాయంత్రం మంద ఇంటికొచ్చే వేళ ఇంకో పద్ధతి, దారి పక్కన కారు ఆపుకుని అద్దం దించుకుని కూర్చుంటే మంద అంతా కళ్ళ ముందు నుంచే పోతది, నాన్న దిగాల్సిన పని కూడా లేదు. కాకపోతే దుమ్ము, ఆయాసం ఉన్నోళ్ళకి పనికిరాదు.

కారు సంగతి, అందరూ పెద్ద బండి అయితే సుఖమనుకుని ఎత్తైన బండి మాట్లాడతారు, సీటు ఎత్తు కుర్చీ ఎత్తుకి దగ్గరగా ఉంటేనే మనిషి జరగడం తేలిక, అందుకని మామూలు డిక్కీ కారు ముందు సీటు వెనక్కంటా జరిపి అక్కడ కూర్చోబెట్టండి. సీటు మీద ఒక ప్లాస్టిక్ కవరు వేస్తే కూర్చున్నాక కాళ్ళు లోపలికి తిప్పడం సులువు, తిప్పినాక కవరు తీసేయండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎత్తేటప్పుడు పడిపోయిన ఎడమ చేతిని పట్టి లాగబాకండి, ఎడమ చంకలో చెయ్యేసి కూడా లేపబాకండి. ఆ భుజానికి కండ పట్టు ఉండదు, కీలు జారిపోతది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. సాయానికి ఊళ్ళో వాళ్ళు పరిగెత్తుకొస్తారు, మంచితనంతోనే చెయ్యి పట్టి లాగేస్తారు, వాళ్ళకి ముందే చెప్పాల్సింది మీరే.

మెత్తటి నేల మీద కుర్చీ ముందు చిన్న చక్రాలు దిగబడతాయి, ఎంత తోస్తే అంత లోపలికి పోతాయి. అప్పుడు కుర్చీని తిప్పేసి వెనక్కి లాగండి, బరువు పెద్ద చక్రాల మీద పడి వచ్చేస్తది. నాలుగు గోనె సంచులు డిక్కీలో పడేసుకోండి, బురద కనపడ్డ చోట పరిస్తే దారి అయిపోతది. ఎడమ కాలు పాదం పెట్టే పలక మీద నుంచి జారి నేలకి రాసుకుంటా పోయినా ఆయనకి తెలీదు, స్పర్శ తక్కువ కదా, మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి. కింద మంచి దిండు, అరగంటకోసారి కాస్త పక్కకి జరపడం, ఇవి ఇంట్లో చేసేవే, బయటికి పోయినప్పుడే మర్చిపోతాం.

బాత్రూం. ఇది తేలకుండా బయల్దేరబాకండి. ఎక్కడికి పోయినా నేల మీద కూర్చునే మరుగుదొడ్డే ఉంటదనుకోండి. మడిచి పెట్టుకునే కమోడ్ కుర్చీ ఒకటి, యూరిన్ బాటిల్ ఒకటి, చుట్టూ అడ్డం కట్టడానికి రెండు పాత దుప్పట్లు. నాన్న చూసేలాగే అవన్నీ డిక్కీలో సర్దండి, ఏమీ అనబాకండి, ఆ సామాను చూస్తేనే ఆయన ప్రశ్న సగం తీరిపోతది. చాలామంది పెద్దోళ్ళు ప్రయాణం అనగానే ముందు రోజు నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు, అది చాలా ప్రమాదం. నీళ్ళ మాత్ర, అంటే ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసేది, వేసుకునే అలవాటుంటే ఆ రోజుకి టైం మార్చొచ్చా అని డాక్టర్ని అడగండి, మీకు మీరుగా ఆపబాకండి.

ఇప్పుడు పశువు దగ్గరికి. ఆవుకి పక్కలన్నీ బాగానే కనపడతాయి గానీ సరిగ్గా తోక వెనకాల ఏముందో కనపడదు, ఆ పక్క నుంచి చక్రాల బండి ఒకటి గిర్రున వస్తే తన్నక ఏం చేస్తది. అది ఎప్పుడూ చూడని వస్తువు కదా. అందుకే కుర్చీని ముందు పదడుగుల దూరంలో, దానికి కనపడేలా కాసేపు ఆపండి. చెవులు ముందుకి పెట్టి చూసి, బుస్సుమని ఒకసారి గాలి వదిలి, మళ్ళీ నెమరు మొదలెట్టిందంటే ఒప్పుకున్నట్టే. గిత్తల జోలికి పోబాకండి, మీ నాన్న ఎంత మొండికేసినా సరే, వాటిని దూరం నుంచే చూడాల. ఈనిన కొత్తలో ఉన్న ఆవు కూడా వద్దు, దూడ పక్కకి ఎవర్నీ రానివ్వదు. సాధువైన పాడావుని గానీ పెయ్యని గానీ యజమాని పలుపు పట్టుకుని తీసుకురావాల, అదీ నాన్నకి కుడి పక్కకి. ఈ కుడి పక్క సంగతి గుర్తు పెట్టుకోండి. మంచి చెయ్యి అటే ఉంది, పక్షవాతం వచ్చినోళ్ళలో కొందరికి పడిపోయిన పక్క ఏం జరుగుతున్నా మనసుకి ఎక్కదు కూడా, ఎడమ పక్క నుంచి కొమ్ము తగిలినా గిట్ట పాదం మీద పడినా ఆలస్యంగా తెలుస్తది. కుర్చీకి బ్రేక్ వేసినా సరే వెనకాల మీ అన్న చెయ్యి తియ్యకూడదు, వెనక దారి ఖాళీగా ఉండాల, అవసరమైతే ఒక్క లాగుడుకి బయటికి వచ్చేయాల.

బాబు కోసం పెద్ద శత్రువు ఆవు కాదు, గడ్డి కోసే మిషను. చాఫ్ కట్టర్ ఆన్ చేస్తే పెద్దోళ్ళకే గుండె అదురుతది. మీరున్న రెండు గంటలూ అదీ, బోరు మోటరూ, పాలు తీసే మిషను ఉంటే అదీ వెయ్యొద్దని ముందే అడగండి, ఎందుకో చెప్పండి, ఎవరూ కాదనరు. ఇంట్లో వారం ముందు నుంచి అన్న తీసుకొచ్చిన ఫొటోలు వరసగా చూపించండి, ఇది గేటు, ఇది చెట్టు, ఇది ఆవు, ఇది మన కారు, ఇంటికి వచ్చేశాం అని. అంబా అనే అరుపు ఫోన్‌లో చిన్నగా వినిపించి రోజూ కొంచెం పెంచండి, ఇక్కడ మాత్రం యూట్యూబ్ పనికొస్తది, మీ అన్నకి ఆ తృప్తి కూడా ఉండనీయండి. చెవులకి పెట్టే హెడ్‌ఫోన్లు మెడలోనే ఉండాల. కారుని కనపడే దూరంలో పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయి కూర్చోవచ్చని వాడికి తెలియాల, వాడితో ఎవరు పోవాలో కూడా ముందే అనుకోండి. ముట్టుకో ముట్టుకో అని ఎవరూ వెంటపడకూడదు. ఆవు నాలుక గరుకు, ఒక పిల్లోడికి అది చక్కిలిగింత, ఇంకో పిల్లోడికి నరకం, వాడు ఏ రకమో వాడే చెప్తాడు. దూరం నుంచి దాని తోక చూసుకుంటా గంట కూర్చున్నా అదే వాడికి పండగ.

మీ చెల్లెలు రావచ్చు. కాకపోతే గొర్రెలు, మేకలు ఈనే దొడ్ల దగ్గరికి మాత్రం అసలు పోకూడదు, మాయ, ఉమ్మనీరు, ఈసుకుపోయిన పిల్లలు, వీటి నుంచి కడుపులో బిడ్డకి హాని చేసే ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఈనిన జీవాన్ని పట్టుకున్న బట్టలతో మీరెవరన్నా ఆమె పక్కన కూర్చున్నా అంతే. ఆవులైనా సరే ముట్టుకోకుండా చెట్టు కింద కుర్చీలో కూర్చుంటే మేలు. పొదుగు దగ్గర పిండి అట్టాగే తాగండి అని గ్లాసు ఇస్తారు ప్రేమగా, ఆమెకే కాదు ఎవరికీ వద్దు, పచ్చి పాలతో బ్రూసెల్లోసిస్ లాంటివి వస్తాయి. కాచిన పాలు తాగండి, జున్ను పెడితే శుభ్రంగా తినండి, అది ఉడికిందే కదా. అందరూ చేతులు సబ్బుతో నీళ్ళతో కడుక్కోవాల, శానిటైజర్ రాసుకుంటే పేడ మీద అది పనిచెయ్యదు. నాన్న కుడి చేత్తో చక్రం తిప్పుకుంటాడు కాబట్టి ఆయన చెయ్యి అందరికన్నా ముందు కడగాల, చక్రాలు కారెక్కించక ముందే ఒక బకెట్టు నీళ్ళతో కడిగేయండి.

ఒంగోలు ఆవు గురించి బాబుకి ఒక్క కథ చెప్పాలంటే బ్రెజిల్ కథ చెప్పండి. ఓడల మీద ఇక్కడి నుంచి అక్కడికి పోయిన మన పశువులు అక్కడ మందలు మందలుగా పెరిగినాయి, వాటిని వాళ్ళు పిలిచే పేరు నెలోర్, మన నెల్లూరే. వియాటినా-19 అని ఒక ఆవుకి 2023లో వేలంలో పలికిన రేటుని బట్టి మన డబ్బుల్లో 35 కోట్ల పైనే విలువ కట్టారు, అన్నిటికన్నా ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డు. బరువు 1,100 కిలోలు. అక్కడ వాటిని పెంచేది ఎక్కువగా మాంసానికి, ఆ ముక్క నాన్న ముందు ఎత్తాలో వద్దో మీ ఇష్టం. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగినప్పుడు మస్కట్ కూడా మన ఒంగోలు గిత్తే, పేరు వీర.

చింతలదేవికి పర్మిషన్ వస్తే పుంగనూరు ఆవులున్నాయా అని అడగండి. మూడడుగుల లోపు ఎత్తు, కుర్చీలో కూర్చున్న మనిషికి ముఖాముఖి నిలబడతది, నిజంగా అరుదైన జాతి అంటే అది. లేకపోయినా ఏం పోలేదు, మన నెల్లూరు గొర్రెలున్నాయి, అరుదేం కాదు గానీ మనోళ్ళు పట్టించుకోరు. దేశంలో గొర్రెల్లోకెల్లా ఎత్తైనది ఇదే, ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకే, కొత్తోళ్ళు మేక అనుకుంటారు. తెల్లగా ఉండేది పల్ల, తెలుపు మీద మూతి దగ్గరా కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుండేది జోడిపి, ఒళ్ళంతా గోధుమ ఎరుపు ఉండేది డోర. పొట్టేలుకి కొమ్ములుంటాయి, ఆడదానికి ఉండవు. రకాలు పేర్లు పెట్టి వరసగా చెప్పడం ఇష్టమైన పిల్లలకి ఇది మంచి ఆట, మీ బాబు ఆ రకమైతే దారిలో మంద కనపడినప్పుడు కారులో నుంచే లెక్క పెట్టించండి, చెల్లెలు కారులోనే ఉన్నా ఇబ్బంది లేదు.

ఎవరన్నా బండలాగుడు పోటీలకి తీసుకుపొమ్మంటారు, నాన్నకి మహా ఇష్టం కదా అని. పోటీ రోజు వద్దు. మైకులు, డప్పులు, తోపులాట, నిలబడ్డోళ్ళ వెనకాల కుర్చీలో కూర్చున్నాయనకి ఏమీ కనపడదు, బాబు సంగతి చెప్పక్కర్లేదు. కానీ దూరం నుంచి వచ్చే జతల్ని ముందు రోజు సాయంత్రమే లారీల్లో దించి చెట్ల కింద కట్టేస్తారు, ఉలవలు పెడతా, ఒళ్ళు తోముతా ఉంటారు, ఆ టైంలో పోతే జనం ఉండరు, యజమానులు తీరిగ్గా మాట్లాడతారు. నాన్నని గుర్తుపట్టే పాతోళ్ళు ఎవరన్నా అక్కడ తగిలినా తగలొచ్చు. అదీ గిత్తల దగ్గరే కాబట్టి దూరం దూరమే.

ఆఖరున, బయల్దేరే రోజు పొద్దున్నే రైతుకి ఒక ఫోన్ చెయ్యండి. చుట్టుపక్కల ఎక్కడన్నా గాలికుంటు, అదే పశువుల అంటురోగం, ఉందంటే ఆ రోజు మానుకోండి, అది మనకి రాదు గానీ మన చెప్పులకి, చక్రాలకి అంటుకుని ఇంకో కొట్టానికి పోతది. అందుకని డేటు ఒకటి కాకుండా రెండు అనుకుని పెట్టుకోండి, రెండోది కూడా శివరాత్రి లోపే.